నైతిక వివేచన: ఆబిడ్స్–నాంపల్లి ప్రాంతపు ఉదాహరణలతో

నిర్వచనం, పరిధి

ఒక పని చేయవచ్చా, చేయకూడదా, చేయక తప్పదా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు కారణాలు వెతికి, వాటి బలాబలాలు తూచి, నిర్ణయానికి వచ్చే పద్ధతిని నైతిక వివేచన అంటారు. ఆ నిర్ణయాల వెనక ఉండే సూత్రాలను పరిశీలించేది నీతిశాస్త్రం. నీతిగా బతకటం వేరు, నీతిని గురించి సరిగా ఆలోచించగలగటం వేరు. మంచివాడని పేరున్న మనిషి చిక్కు సమస్య దగ్గర తడబడవచ్చు. సిద్ధాంతాలన్నీ కంఠతా వచ్చినవాడు తన అవసరం వచ్చేసరికి మాట మార్చవచ్చు. రెండో లోపాన్ని శాస్త్రం నయం చేయలేదు. మొదటిదానికి మాత్రం సాధన ఉంది.

నైతిక ప్రశ్నను మరికొన్ని ప్రశ్నలతో కలిపేయటం సామాన్యంగా జరిగే పొరపాటు. చట్టం ఒప్పుకుంటుందా, పెద్దలు ఏమంటారు, మతం ఏం విధించింది, నాకేం లాభం అన్నవన్నీ అడగదగిన ప్రశ్నలే. వాటికి జవాబులు దొరికాక కూడా ‘ఇది న్యాయమేనా?’ అన్న ప్రశ్న మిగిలి ఉంటే, అదే నైతిక ప్రశ్న.

ఈ వ్యాసం ఉదాహరణలను హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతం నుంచి, అవసరమైన చోట తెలుగునాట ఇతర తావుల నుంచి తీసుకుంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ నడిపిన దుకాణం మీదుగా ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. పక్కనున్న నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్, పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం, యూసుఫైన్ దర్గా ఉన్నాయి. రెడ్‌హిల్స్ వైపు వెళ్తే నిలోఫర్ ఆసుపత్రి వస్తుంది. శిక్ష, కొలువు, చదువు, వైద్యం, బేరం అన్నీ నడిచి చేరుకోగల దూరంలో ఉన్న చోటు కాబట్టి, నైతిక సమస్యల రకాలన్నీ ఇక్కడ కంటికి ఎదురుగా కనిపిస్తాయి.

చారిత్రక నేపథ్యం

తెలుగులో నీతి గ్రంథాలకు దీర్ఘమైన చరిత్ర ఉంది. సుమతీ శతకాన్ని బద్దెనకు ఆపాదిస్తారు. తెలంగాణకు చెందిన మడికి సింగన తనకు ముందున్న నీతిగ్రంథాల పద్యాలను విషయాలవారీగా ఏర్చి కూర్చిన సంకలనం ‘సకలనీతిసమ్మతము’. ఇటువంటి గ్రంథాల్లో పెద్దభాగం రాజుకు, మంత్రికి, కొలువు చేసేవాడికి చెప్పినవి. ఎవరిని నమ్మాలి, ఎప్పుడు మాట దాచాలి, శత్రువును ఎలా లొంగదీయాలి వంటి లౌక్యం, సత్యం, దయ, దానం వంటి ధర్మాలు వీటిలో పక్కపక్కనే ఉంటాయి. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) కూడా పంచతంత్రం ఆధారంగా వచ్చినదే కాబట్టి అందులోనూ ఈ కలయిక ఉంది. చదివేవారు ఏది లౌక్యమో, ఏది ధర్మమో విడదీసుకుంటూ పోవాలి. వేమన పేరిట ప్రచారంలో ఉన్న పద్యాల దారి వేరు. ఆచారాన్ని నడవడితో కొలిచి చూడటం వాటి పద్ధతి, విమర్శనాత్మక వివేచనకు తెలుగులో అతి దగ్గరగా వచ్చిన సంప్రదాయం అదే.

ధర్మసంకటాలకు పెద్ద నిధి మహాభారతం. కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి అబద్ధమాడనని వ్రతం పట్టి, దొంగలు అడిగితే ప్రాణభయంతో దాక్కున్నవారి జాడ చెప్పేస్తాడు. వారు చనిపోతారు, అతడు నరకానికి పోతాడు. శాంతిపర్వంలోని ఆపద్ధర్మ భాగంలో కరవుకాలాన విశ్వామిత్రుడు ప్రాణం నిలుపుకోవటానికి కుక్కమాంసం తీసుకోబోయి, దాని యజమానితో వాదానికి దిగుతాడు. మొదటి కథ నియమానికి హద్దు ఉందంటుంది. రెండోది ఆపద ఏ నియమాన్ని ఎంతవరకు సడలించగలదని అడుగుతుంది. జర్మన్ తాత్త్వికుడు ఇమాన్యుయేల్ కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో కౌశికుడి సమస్య వంటిదాన్నే తీసుకుని, హంతకుడు వచ్చి అడిగినా అబద్ధమాడకూడదని తేల్చాడు. మహాభారతం దానికి సరిగ్గా ఎదురు తీర్పు చెప్పింది. (చూ. ధర్మసంకటం, ఆపద్ధర్మం.)

హైదరాబాదులో మరో ధార కూడా ప్రవహించింది. 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ పారశీకంలో రాసిన ‘అఖ్లాఖ్-ఎ-నాసిరీ’ వంటి గ్రంథాలు అరిస్టాటిల్ నీతిచింతనను ఇస్లామీ సంప్రదాయంతో జోడించాయి. మనిషి తనను, ఇంటిని, రాజ్యాన్ని నడుపుకోవటం అన్న మూడు మెట్ల మీద సాగే ఈ అఖ్లాఖ్ చదువు భారతదేశంలో పారశీకం చదివిన ఉద్యోగవర్గానికి పరిచితం. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పటానికి 1917లో అనువాద విభాగం ‘దారుల్ తర్జుమా’ ఏర్పడింది. ‘ఉమ్రావ్ జాన్ అదా’ నవలాకారుడు మీర్జా హాదీ రుస్వా అందులో పనిచేసి, అరిస్టాటిల్ నీతిగ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చాడు. విశ్వవిద్యాలయం తొలి తరగతులు 1919లో ఆబిడ్స్‌ను ఆనుకొని ఉన్న గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాల్లో సాగాయి. గ్రీకు నీతిశాస్త్రం ఒక దేశభాషలో విశ్వవిద్యాలయ పాఠ్యం కావటం ఆనాటికి చిన్న విషయం కాదు. తెలుగులో ఆ స్థాయి ప్రయత్నం చాలా ఆలస్యంగా జరిగింది, ఆ లోటు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

తెలుగు పక్షాన 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి మరో మార్గం పట్టింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర దాని తొలి ప్రచురణ. ఉపదేశ పద్యానికి బదులు ఒక మనిషి జీవితాన్ని పాఠకుడి ముందు పెట్టి నీతిని పరిశీలింపజేయటం ఆ పుస్తకంతో బలపడింది.

ప్రధాన సిద్ధాంతాలు

ఆధునిక నీతిశాస్త్రంలో మూడు సిద్ధాంతాలు ప్రధానమైనవి. పనిని దాని ఫలితాన్ని బట్టి తూచేది ఫలితవాదం. జెరెమీ బెంథామ్ (1789), జాన్ స్టూవర్ట్ మిల్ (1861) దీనికి ఉపయోగితావాద రూపమిచ్చారు. అందరికీ ఒకేలా వర్తింపజేయగల నియమం ప్రకారం నడవాలని, మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని చెప్పేది కర్తవ్యవాదం. కాంట్ 1785లో దీని పునాదులు వివరించాడు. ‘ఏ పని చేయాలి?’ అని కాక ‘ఎటువంటి మనిషిగా ఉండాలి?’ అని మొదలుపెట్టేది సద్గుణవాదం. అరిస్టాటిల్‌తో మొదలైన ఈ ధోరణిని 1958లో ఎలిజబెత్ ఆన్స్‌కూమ్ వ్యాసం తిరిగి చర్చలోకి తెచ్చింది.

వీటి పక్కన జాన్ రాల్స్ న్యాయ సిద్ధాంతం (1971) ఉంది. తాను సమాజంలో ఏ స్థానంలో పుడతాడో తెలియనివాడు ఎటువంటి నియమాలకు ఒప్పుకుంటాడన్నది అందులోని పరీక్ష. కరోల్ గిలిగన్ (1982) మనుషుల మధ్య సంబంధాలు, పోషణ బాధ్యతలు నైతిక ఆలోచనలో తక్కువ స్థానంలో పెట్టదగినవి కావని వాదించింది. భారతీయ చింతనలో అందరికీ వర్తించే సాధారణ ధర్మం, స్థానాన్ని బట్టి మారే విశేష ధర్మం అన్న విభజన ఉంది. వర్ణాన్ని బట్టి బాధ్యతలు నిర్ణయించటానికి రెండోదాన్ని వాడుకున్న చరిత్రను మరిచి దానిని చర్చించలేము. బౌద్ధం పనికి మూలమైన చేతనను, అంటే ఉద్దేశాన్ని, ప్రధానంగా చూస్తుంది. (చూ. ఉపయోగితావాదం, కర్తవ్యవాదం, సద్గుణవాదం, బౌద్ధ నీతి.)

వివేచన పనితీరు: ఆదివారం పుస్తకాల బజారు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగ్ పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, అట్టలు ఊడిన తెలుగు గ్రంథాలు ఒకే కుప్పలో కలిసి ఉంటాయి. వీటిలో చాలా భాగం పాతసామాను వాళ్ల దగ్గర తూకానికి వచ్చినవి. ఒక పాఠకుడి చేతికి కందుకూరి వీరేశలింగం పుస్తకం తొలి ముద్రణ ప్రతి తగిలిందనుకుందాం. దాని విలువ వేలల్లో ఉంటుందని అతడికి తెలుసు. అమ్మేవాడు పైన కింద చూసి, ‘‘యాభై ఇయ్యండి సార్’’ అన్నాడు. యాభై ఇచ్చి తీసుకుపోవచ్చా?

ముందుగా చూడవలసినవి వాస్తవాలు. పుస్తకం తిరగేస్తే లోపలి పేజీ మీద ఒక గ్రంథాలయం రబ్బరుముద్ర ఉండి, జాబితా నుంచి తొలగించిన గుర్తు లేదనుకుందాం. అప్పుడు ప్రశ్నే మారిపోతుంది. ధర గురించి ఆలోచించే ముందు అది అమ్మకానికి రావలసిన పుస్తకమేనా అని తేల్చాలి. నైతిక వివాదాలుగా కనిపించేవాటిలో చాలా భాగం నిజానికి వాస్తవాల మీద వివాదాలు. వాటిని తేల్చకుండా సూత్రాల దగ్గరికి పరుగెత్తటం వల్ల వాదన బిగుసుకుపోతుందే తప్ప ముందుకు సాగదు.

ముద్ర ఏదీ లేదనుకుందాం. ఫలితవాది ఆ వేల రూపాయలు ఎవరి బతుకులో ఎక్కువ తేడా తెస్తాయని చూస్తాడు; రోజు గడవటమే కష్టమైన అమ్మకందారు వైపు మొగ్గుతాడు. ప్రతి కొనుగోలుదారూ విలువ చెప్పాలంటే, పాత పుస్తకాలు వెతికే ఓపిక ఎవరికైనా ఉంటుందా అన్నది కూడా ఫలితమే కాబట్టి అతడి లెక్క అంత సులువుగా తేలదు. కర్తవ్యవాది అబద్ధమాడటాన్ని, చెప్పకుండా ఉండటాన్ని వేరు చేస్తాడు. అమ్మేవాడు ‘‘ఇది పాతదా సార్, ఏమైనా పలుకుతుందా?’’ అని అడిగితే ‘ఏముందిలే’ అనటం మోసం. అడగకపోతే చెప్పవలసిన బాధ్యత ఉందా అన్నది చర్చనీయం. రాల్స్ పరీక్ష పెడితే, రేపు తాను బేరంలో ఏ వైపున ఉంటాడో తెలియనివాడు ఎటువంటి నియమం కోరుకుంటాడని అడగాలి. సంబంధాలను ప్రధానంగా చూసేవారు, అదే మనిషి దగ్గర ఏళ్ల తరబడి కొంటున్నవాడికి ఒకసారి వచ్చి పోయేవాడికి లేని బాధ్యత ఉందంటారు. సద్గుణవాది ప్రశ్న చిన్నది, తప్పించుకోవటానికి వీలు లేనిది: ఈ బేరాన్ని రేపు నలుగురిలో ఉన్నదున్నట్టు చెప్పుకోగలవా?

ఈ చిక్కు పాతదే. కరవులో ఉన్న రోడ్స్ ద్వీపానికి ధాన్యం తెచ్చిన వర్తకుడు, వెనకాల మరిన్ని ఓడలు వస్తున్నాయన్న సంగతి చెప్పాలా అన్న చర్చ సిసిరో గ్రంథంలో ఉంది. స్తోయిక్ తాత్త్వికుల్లో బాబిలోనియాకు చెందిన డయోజెనీస్ చెప్పనవసరం లేదన్నాడు, ఆంటిపేటర్ చెప్పి తీరాలన్నాడు. అగస్టీన్ మరీ దగ్గరి ఉదాహరణ ఇచ్చాడు. పుస్తకం అమ్మేవాడు విలువ తెలియక తక్కువ ధర అడిగితే, తనకు తెలిసిన ఒక మనిషి దానికి న్యాయమైన ధర చెల్లించాడని ‘త్రిత్వం గురించి’ గ్రంథంలో రాశాడు.

సిద్ధాంతాలు ఒకే తీర్పు ఇవ్వకపోయినా పని వృథా కాదు. పైన చెప్పిన దారులన్నీ అడిగినప్పుడు అబద్ధం చెప్పటాన్ని తప్పుపడతాయి. ఎక్కువ భాగం విలువలో కొంత పంచుకోవటాన్ని మెచ్చుకుంటాయి. తేడా మిగిలేది, అది బాధ్యతా లేక ఔదార్యమా అన్న చోట. ప్రశ్నను అంతవరకు ఇరుకు చేయగలగటమే వివేచన వల్ల కలిగే ప్రయోజనం. సూత్రాన్ని బట్టి తీర్పును, తీర్పును బట్టి సూత్రాన్ని సరిదిద్దుకుంటూ రెండూ పొసిగేదాకా సాగే ఈ పద్ధతిని రాల్స్ చింతనాత్మక సమతౌల్యంగా వివరించాడు.

ప్రజా వ్యవహారాల్లో: పరీక్ష రద్దు

నాంపల్లిలోని తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 503 గ్రూప్–1 పోస్టులకు 2022 అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిపింది. 2.8 లక్షల మందికి పైగా రాశారు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని తేలటంతో 2023 మార్చిలో కమిషన్ ఆ పరీక్షను రద్దు చేసింది. జూన్ 11న మళ్లీ జరిపిన పరీక్షను బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదన్న కారణంతో ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ మీద పరీక్ష 2024 జూన్ 9న జరిగింది.

తప్పు చేసినవారు కొద్దిమంది. రద్దు భారం మోసినవారు అందరూ. ఉద్యోగం మానేసి చదివినవారు, వయోపరిమితి దగ్గరపడినవారు, ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవారు చేయని తప్పుకు ఏళ్లు పోగొట్టుకున్నారు. కాబట్టి రద్దు అన్యాయమన్న వాదనకు బలం ఉంది. ఎవరి ర్యాంకు నిజమైనదో ఎవరికీ తెలియని జాబితాతో పోస్టులు నింపితే సమానావకాశం అన్న మాటకు అర్థం ఉండదన్నది ఎదుటి వాదన. ఇటువంటి వ్యవహారాల్లో కోర్టులు ఒక వాస్తవ ప్రశ్నను కీలకంగా పెట్టాయి: అక్రమంగా లాభపడినవారిని మిగతావారి నుంచి వేరు చేయగలమా? చేయగలిగితే అందరినీ శిక్షించటం తప్పు, చేయలేకపోతే రద్దు తప్పదు. వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్ ప్రశ్నపత్రం లీకేజీ వ్యవహారంలో 2024 జూలై 23న సుప్రీంకోర్టు ఇదే ప్రశ్న అడిగి, అక్రమం పరీక్ష మొత్తాన్ని కలుషితం చేసిందనటానికి ఆధారం లేదని, మళ్లీ పరీక్ష అక్కరలేదని చెప్పింది. సూత్రం ఒకటే. వాస్తవాలు వేరు కావటంతో నిర్ణయం వేరైంది.

ఈ చర్చల్లో ఎక్కువగా మరుగున పడే అంశం ఒకటి ఉంది. రద్దు న్యాయమే అయినా, దానివల్ల నష్టపోయిన నిర్దోషికి ఏదో ఒకటి బాకీ ఉంటుంది. వయోపరిమితి సడలింపు, ఫీజు మాఫీ వంటివి దయగా ఇచ్చేవి కావు, ఆ బాకీ తీర్చటంలో భాగం. సరైన నిర్ణయం కూడా వెనక ఒక శేషాన్ని వదలగలదన్న సంగతి నీతిశాస్త్రంలో అంగీకరించినదే.

చట్టం, నీతి

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో తేలేది నేరం. నేరం, తప్పు కొంతమేరకే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వివాహేతర సంబంధాన్ని నేరంగా పరిగణించిన 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టివేసింది. భార్యకో భర్తకో చేసిన నమ్మకద్రోహం అంతటితో తప్పు కాకుండా పోలేదు, శిక్షాస్మృతి పరిధి దాటింది. అదే నెలలో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద వచ్చిన తీర్పు దీనికి రెండో పార్శ్వం. అధిక సంఖ్యాకుల అయిష్టం ఒకరి జీవితాన్ని నేరంగా మార్చటానికి చాలదని, రాజ్యాంగ నైతికత దానికి పైనుంటుందని కోర్టు చెప్పింది. రాజ్యాంగ నైతికత గురించి అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడాడు. అది సహజంగా అబ్బేది కాదు, ప్రజలు అలవరచుకోవలసినది అన్నది ఆయన అభిప్రాయం.

వైద్య పరిశోధనలో అంగీకారం

వైద్య నీతిశాస్త్రం వ్యవస్థగా బాగా స్థిరపడిన శాఖ. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఔషధ ప్రయోగాన్ని పరిశీలించే నైతిక సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి. వైద్యులతోపాటు న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరుల ప్రతినిధి, మహిళ ఉండాలి. కనీసం సగం మంది ఆ సంఘాన్ని ఏర్పాటు చేసిన సంస్థకు చెందనివారు కావాలి.

ఇటువంటి ఏర్పాటు ఎందుకు అవసరమో ఖమ్మం జిల్లా అనుభవం చెప్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా పథకాన్ని 2009లో అక్కడ వేలమంది బాలికల మీద అమలుచేశారు. వారిలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. కొన్ని మరణాలకు టీకానే కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రుల స్థానంలో హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారన్నది మాత్రం బయటపడింది. టీకా మంచిదేనన్న జవాబు ఇక్కడ చాలదు. మేలు చేసే పని కూడా, అడిగి చేయవలసినవారిని అడగకుండా చేస్తే తప్పవుతుంది. కాంట్ చెప్పిన, మనిషిని సాధనంగా వాడకూడదన్న సూత్రం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు తెలుగునాట అరుదు. (చూ. అవగాహనతో కూడిన అంగీకారం.)

సామాన్య దోషాలు

‘అందరూ చేస్తున్నదే కదా’ అన్నది వాస్తవం కావచ్చు, సమర్థన కాదు. ఉన్నదాన్ని బట్టి ఉండవలసినదాన్ని నేరుగా రాబట్టలేమని డేవిడ్ హ్యూమ్ 1739–40 నాటి గ్రంథంలోనే గుర్తించాడు. వాదనను వదిలి వాదించేవాడి కులాన్ని, పార్టీని, గతాన్ని పట్టుకోవటం మరో దోషం. మనవాళ్లు చేస్తే పరిస్థితుల ప్రభావం, ఎదుటివాళ్లు చేస్తే స్వభావ దోషం అనుకోవటం అన్నిటికన్నా బలమైనది. పేర్లు మార్చి అదే ప్రశ్న మళ్లీ వేసుకోవటం దానికి ఉన్న సులువైన పరీక్ష.

బోధన, పరీక్ష

ఆబిడ్స్ పరిసరాల్లోని మిషనరీ పాఠశాలల్లో ‘మోరల్ సైన్స్’ పీరియడ్ తరతరాల విద్యార్థులకు పరిచయం. కథ, దాని కింద నీతి, దాని కింద ప్రశ్నలు. మంచి అలవాట్లు నాటటానికి ఈ పద్ధతి పనికొస్తుంది. జవాబు ముందే రాసి ఉండటంతో వివేచన మాత్రం నేర్పదు.

యూపీఎస్సీ 2013 నుంచి సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో నీతి, నిజాయితీ, సహజ సామర్థ్యాల మీద 250 మార్కుల పేపరు పెట్టింది. అందులో సగం వరకు సందర్భ సమస్యలే. ఆంధ్రప్రదేశ్ గ్రూప్–1 మెయిన్స్‌లో రాజ్యాంగం, పాలన, చట్టంతో కలిపి నీతిశాస్త్రం ఉంది. ఈ పేపర్లకు సంబంధించిన గైడ్లు, జిరాక్స్ నోట్సు ఆబిడ్స్, కోఠి ఫుట్‌పాత్‌ల మీద కుప్పలుగా దొరుకుతాయి. వీటిలో సామాన్యంగా కనిపించే నమూనా ఇలా ఉంటుంది: సంబంధిత పక్షాల పట్టిక, మూడు ప్రత్యామ్నాయాలు, ఒక్కొక్కదానికి లాభనష్టాలు, చివరికి మధ్యేమార్గం. పక్షాలను, ప్రత్యామ్నాయాలను ఓపికగా రాసుకోవటం మంచి అలవాటే. ప్రతి సమస్యకూ మధ్యేమార్గం ఉంటుందన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. వార్డెన్ సంతకం పెట్టాలా వద్దా అన్నచోట మధ్యేమార్గం లేదు.

వివాదాంశాలు

నీతి సమాజాన్ని బట్టి మారుతుంది కాబట్టి అందరికీ ఒకే నీతి ఉండదన్నది సాపేక్షవాదం. ఆచారాలు మారటం నిజమే అయినా, బాల్యవివాహాన్నో అంటరానితనాన్నో ఆ సమాజం లోపలివారే తప్పుపట్టిన చరిత్రను ఈ వాదం వివరించలేకపోయింది. వేమన పద్యాలను, వీరేశలింగం సంఘసంస్కరణ ఉద్యమాన్ని దాని వెలుగులో చదవటం కష్టం. మరో వివాదం మనిషిలో నైతిక ఆలోచన ఎలా సాగుతుందన్నది. నైతిక ఎదుగుదలకు దశలున్నాయన్న లారెన్స్ కోల్‌బర్గ్ సిద్ధాంతాన్ని గిలిగన్ పైన చెప్పిన సంబంధాల దృష్టితో విమర్శించింది. ముందు భావం కలుగుతుందని, కారణాలు తరవాత వెతుక్కుంటామని జోనథన్ హైట్ వాదించాడు. అది చాలా సందర్భాల్లో నిజమైనా, తరవాత వెతికిన కారణాలే మొదటి భావాన్ని మార్చిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఒకరి భావానికి మరొకరు కారణం అడగటంతో ఈ మార్పు జరిగే అవకాశం ఎక్కువ. వైద్య పరిశోధనను చూసే నైతిక సంఘాల్లో సంస్థకు చెందనివారికి కనీసం సగం స్థానాలు ఉండాలనటానికి ఇది ఒక సమర్థన.